ఏవండీ, ఆ చేతిలో ఏంటి? షుగర్ ఉన్నవారి ఇంటివారికి సులభ మార్గదర్శి

ల్యాబ్ కాగితం చేతికొచ్చింది. హెచ్‌బీఏ1సీ అన్న చోట 8.2 అని ఉంది. డాక్టరుగారు మాత్రలు రాసి, "తిండి మార్చాలమ్మా" అని మీ వైపు చూసి చెప్పి, తర్వాతి పేషంటును పిలిచేశారు. గమనించారా? షుగర్ ఆయనకు, మాట మీకు. అంటే ఈ క్షణం నుంచి మీరు ఒక శాఖకు అధిపతి. జీతం లేదు, సెలవు లేదు, పింఛను అసలే లేదు. కానీ అధికారం ఉంది. ఇంకొకరి కంచంలోకి పూటపూటా తొంగిచూసే అధికారం ఊరికే దొరికేది కాదు. పైగా మీరు ఒంటరి కారు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లలో పెళ్లయిన ప్రతివారి వెనకా ఒక నిఘా విభాగం ఉందనుకుంటే, మన సిబ్బంది రైల్వేని ఎప్పుడో దాటేసింది.

ఈ ఉద్యోగంలో రాణించడానికి కావలసిన సూచనలు కింద ఇస్తున్నాను. తు.చ. తప్పకుండా పాటిస్తే ఆయన షుగర్ తగ్గుతుందని హామీ ఇవ్వలేను గానీ, మీ పదవికి మాత్రం ఢోకా ఉండదు.

ముందు చాటింపు వేయించండి. పెళ్లి భోజనాల్లో జిలేబీల పళ్లెం మీ వరసలోకి వచ్చేదాకా ఓపిక పట్టి, సరిగ్గా ఆయన ఆకు ముందు ఆగినప్పుడు, ఎదురు బంతికి కూడా వినిపించేలా, "ఆయనకొద్దు బాబూ, షుగరూ!" అనండి. ఆయన తలొంచుకుని చారన్నం కలుపుకుంటారు. ఆ అవమానం దిగమింగుకోవడానికి ఇంటికొచ్చే దారిలో బజ్జీల బండి దగ్గర ఆగుతారు. ఆ సంగతి మీకు తెలియదు, గ్లూకోమీటరుకు తెలుస్తుంది.

చాటింపు వల్ల ఇంకో లాభం, వైద్యం ఇంటికే నడిచొస్తుంది. పక్కింటి పిన్నిగారు కాకరకాయ రసం, మీ ఆడపడుచు నానబెట్టిన మెంతులు, రిటైరైన సూపరింటెండెంటుగారు నేరేడు గింజల పొడి, ఊరి నుంచి వచ్చిన బావగారు పొడపత్రి ఆకు. అన్నీ ఒకే పరగడుపున పట్టించండి. పొడపత్రి నిజంగా ఘనమైన ఆకే సుమండీ. నమిలాక కాసేపు నాలుక తీపిని గుర్తుపట్టదు. పంచదార నోట్లో పోసుకున్నా ఇసుక తిన్నట్టే ఉంటుంది. జబ్బు సంగతేమో గానీ, సంతోషం మాత్రం తక్షణం పోతుంది. ఇన్ని వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పకండి. మాత్రల మోతాదు ఆయన్ని చీకట్లోనే రాసుకోనివ్వండి.

ఇక వంటింటి ప్రక్షాళన. పంచదార డబ్బాను అటకెక్కించి, ఆ స్థానంలో బెల్లం పెట్టండి. తాటిబెల్లం అయితే మరీ శ్రేష్ఠం, ఖరీదు ఎక్కువ కాబట్టి ఆరోగ్యమూ ఎక్కువ అయ్యుండాలి. బెల్లంలో ఉండేదీ చాలామటుకు పంచదారలో ఉండే సుక్రోజేనని, గోధుమరంగు చూసి పేగులు మోసపోవని ఎవరైనా అంటే, "ఐరన్ ఉంటుందండీ" అని నోరు మూయించండి. కాఫీలో తేనె కలపండి. నాలుగు ఖర్జూరాలు పక్కన పెట్టండి. షుగర్ లేదని రాసిన బిస్కెట్ పాకెట్లు డజను తెచ్చి, వాటి ముందు వైపే చదవండి. వెనక్కి తిప్పితే మైదా అన్న మాట కనబడి మనసు పాడవుతుంది. ఆ మైదా కడుపులోకెళ్లి గ్లూకోజుగా మారడానికి ఎవరి అనుమతీ అడగదు.

ఇన్ని చేసినా ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. అన్నం జోలికి వెళ్లకండి.

మన భోజనం ఒక భోజనం కాదు, నాలుగు భోజనాలు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసో చారో పోసుకుని ఒకసారి, పెరుగుతో ఒకసారి. ప్రతిదానికీ విడిగా అన్నం. ఆవకాయ కొత్త జాడీ తీసిన రోజైతే ఐదు. ఇందులో కూర అనేది అన్నం దిగడానికి ఆసరాగా కంచం అంచున గరిటెడు కూర్చుంటుంది. ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండి పెడితే మన లెక్కలో అదేమంత ఎక్కువ కాదు. అందులో పిండిపదార్థం సుమారు 115 గ్రాములు. కాఫీలో మీరు పోరాడి ఆపించిన చెంచాడు పంచదార 5 గ్రాములు. కాబట్టి పోరాటం ఎప్పుడూ చెంచా మీదే సాగనివ్వండి. గరిటె వైపు చూడకండి. "పొద్దుటి నుంచి చప్పిడి కాఫీ తాగుతున్నారు పాపం" అంటూ ఇంకో గరిటె వేయండి.

రాత్రికి మాత్రం చపాతీ. తెలుగు రాష్ట్రాల్లో షుగర్ అనగానే మొదట గుర్తొచ్చే మందు ఇదే. నాలుగు చపాతీలు, బంగాళాదుంప కుర్మా, ఆఖర్న "పెరుగన్నం లేకపోతే తిన్నట్టుండదు" కనుక కాస్త పెరుగన్నం. ఒక్కో చపాతీలో దాదాపు 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుందంటే నమ్మకండి. చపాతీ ఉత్తరాదిది, మన షుగర్‌కు హిందీ రాదు.

కొన్నాళ్లకు చిరుధాన్యాల దశ వస్తుంది. కొర్రలు, సామలు, అరికెలు సంచులకొద్దీ దిగుతాయి. ఇవి మంచివే, పీచు ఎక్కువ, కొద్దిగా తిన్నా కడుపు నిండుతుంది. అందుకే కొద్దిగా పెట్టకండి. బియ్యమైతే లెక్క, కొర్రలకు లెక్కేమిటని కంచం నింపండి. రాగుల్ని మెత్తగా పట్టించి, పల్చగా జావ కాచి, లోటాడు తాగించండి. మెత్తగా ఆడి ఉడికించినకొద్దీ అది ఒంట్లోకి చకచకా దిగుతుంది, తాగుతున్నది మాత్రం రాగి జావే గనక మనస్సాక్షి నిద్రపోతుంది. బియ్యంలోనూ రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 ఉంది, తెలంగాణ సోనా అంటారు. రక్తంలో చక్కెరను మిగతా రకాలంత వేగంగా పెంచదని దానికి పేరు. పెంచదన్నారు కదా, రెట్టింపు వండండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. కొన్ని ఇళ్లల్లో కంచాన్నే తిరగేస్తున్నారు. సగం కంచం కూరగాయలు (బంగాళాదుంప, చేమదుంప ఆ జాబితాలో లేవు), పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతే అన్నం. బీరకాయ, దొండకాయ, తోటకూర గరిటెల లెక్కన, అన్నం కప్పుతో కొలిచి. పైగా ముందు కూర, పప్పు తినేసి, అన్నం చివర్న తింటున్నారు. అలా తింటే భోజనం తర్వాత చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా ఊరుకోలేదు. రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని 2024లో అందరికీ చెప్పేసింది, షుగర్ లేనివాళ్లతో సహా. ఇంకొందరు దంపతులు భోజనం కాగానే కలిసి వీధి చివరిదాకా నడిచి వస్తున్నారట. ఈ పనులు మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఇవి పనిచేస్తాయి. పనిచేస్తే నిఘాతో పనుండదు, మీ శాఖను ఎత్తేస్తారు.

శాఖ నిలబడాలంటే గ్లూకోమీటరును కోర్టుగా మార్చండి. వేలికి సూది గుచ్చడం, అంకె రావడం, "నూట ఎనభయ్యా! నిన్న సాయంత్రం ఎక్కడికెళ్లారు?" అని విచారణ మొదలుకావడం, ఈ మూడూ ఒక్క గుక్కలో జరగాలి. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా, ఆఫీసులో చికాకున్నా ఆ అంకె పెరుగుతుంది. అవన్నీ సాకుల కింద కొట్టిపారేయండి. కొద్దిరోజుల్లోనే ఆయన పరీక్ష చేసుకోవడం మానేస్తారు. జేబులో కారప్పూస పొట్లం, కారు డాష్‌బోర్డులో ఉస్మానియా బిస్కెట్లు ఉంటాయి. ఇంట్లో ఆయనంత పథ్యంగా తినేవారు జిల్లాలో ఉండరు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు ఆకులు అలములు తిని, పరగడుపు పరీక్షలో నెగ్గి వస్తారు. హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం ఈ వేషాలు సాగవు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. దానికి అంటుకున్న చక్కెర మూడు నెలల కారప్పూసనూ గుర్తుపెట్టుకుంటుంది.

పండుగలు మీ పరిపాలనకు అసలైన పరీక్ష. సంక్రాంతికి అత్తగారింటి నుంచి అరిసెల డబ్బా వస్తుంది. దాన్ని ఆయనకు అందని పై అరలో పెట్టి, ఆయన టీవీ ముందు కూర్చున్నప్పుడు మీరూ పిల్లలూ వంటింటి తలుపు చేరవేసి తినండి. నువ్వుల వాసన హాల్లోకి రాదని మీ నమ్మకం. వేసవిలో బంగినపల్లి బుట్ట దిగినప్పుడూ ఇదే పద్ధతి. ఒక పూట అన్నం తగ్గించుకుని నాలుగు మామిడి ముక్కలు అందరితో కూర్చుని తినొచ్చుగా అని డాక్టరే అన్నా ఒప్పుకోకండి. నిషేధానికి ఉన్న గాంభీర్యం సర్దుబాటుకు ఎక్కడిది?

వ్యంగ్యం ఒక్క నిమిషం పక్కన పెడతాను. కొన్ని రకాల మాత్రలు (గ్లిమెపిరైడ్ లాంటివి), ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, మందు పడి తిండి పడకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఉపవాసం పెట్టినా, పథ్యం పేరుతో పూట మాన్పించినా ఇదే జరగొచ్చు. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి కోపం, మాట తడబాటు కనబడితే, 70 కన్నా తక్కువకు పడిందేమో చూడండి. మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అటకెక్కించిన ఆ డబ్బాను ఈ పూటే కిందికి దించండి. తిండి ఎంత మార్చినా ఆ సంగతి డాక్టరుకు చెప్పి, మందు సరిచేయించండి.

ఇంతసేపూ షుగర్ ఆయనకే వచ్చిందనుకుని మాట్లాడాను. ఆవిడకు వస్తే?

భర్తలకు సూచనలు చాలా తక్కువ, ఎందుకంటే మన సంప్రదాయంలో చేయవలసినదేమీ లేదు. ఆయనకు షుగర్ వస్తే ఇంటి మెనూ మారుతుంది. ఆవిడకు వస్తే ఇంటికి ఆ వార్త తెలుస్తుంది, అంతే. ఫోనులో కేలరీలు లెక్కపెట్టే యాప్ ఒకటి వేసివ్వండి. నడక బూట్లు కొనివ్వండి, నడవడానికి టైమెక్కడిదని అడిగితే "మనసుంటే మార్గముంటుంది" అనండి. కొర్రలు తెమ్మంటే తెచ్చిపడేసి, "పిల్లలకు ఇవి నచ్చవు, నీకు నువ్వు వండుకో" అనండి. తన ఒక్కదాని కోసం ఇంకో పొయ్యి వెలిగించే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. కాబట్టి ఆవిడ అందరికీ వడ్డించి, మధ్యాహ్నం మూడింటికి, మిగిలిన అన్నం పారేయలేక, కూర అయిపోయి ఉంటుంది గనక పచ్చడి వేసుకుని తింటుంది. మాత్ర వేసుకున్నది పొద్దున ఎనిమిదింటికి. ఉగాదికి బొబ్బట్లు లేకపోతే పండగలా ఉండదని మీరు మెల్లగా అనండి చాలు. పూర్ణం తీపి సరిపోయిందో లేదో ఎవరో ఒకరు రుచి చూడాలి, అది ఎవరో మీకు తెలుసు. సాయంత్రం "నీ ఆరోగ్యం నువ్వు చూసుకోవద్దూ?" అని మందలించడంతో భర్త బాధ్యత సంపూర్ణమవుతుంది.

కూరగాయలు తరిగి ఇవ్వడం, ఆవిడ కూర్చునేదాకా కంచం ముందు ఆగడం, అందరికీ ఒకే వంట చేసుకుని అదే తినడం లాంటివి కొందరు మగవాళ్లు మొదలుపెట్టారని వింటున్నాం. బంధువుల్లో మాట పడుతుంది, జాగ్రత్త.

చివరిగా నిఘా సిబ్బందికి ఒక శాఖాపరమైన సమాచారం. భార్యాభర్తల్లో ఒకరికి షుగర్ ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు పాత అధ్యయనాలన్నీ కూడి 2014లో తేల్చారు. రక్తసంబంధం లేకపోయినా గిన్నె ఒకటే, సోఫా ఒకటే, రాత్రి పదింటి మిక్చర్ పొట్లం ఒకటే. అందుచేత ఈసారి ఆయన్ని ల్యాబుకు లాక్కెళ్లేటప్పుడు మీరూ కాఫీ తాగకుండా బయల్దేరండి. ఆయన కుర్చీలోంచి లేచాక మీరు కూర్చుని చెయ్యి చాపండి. 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితంగానే చేస్తారు.