ఉగ్గుపాలతో డేటా సైన్స్

అమెరికా యూనివర్సిటీల అడ్మిషన్ ఆఫీసులకు తెలుగు పిల్లల బాల్యం కంఠతా వచ్చు. ఆ బాల్యంలో గోళీలాట ఉండదు, గాలిపటం ఉండదు. ఇంటికి కంప్యూటర్ వస్తుంది, ఐదేళ్ల బుడతడు దాన్ని విప్పి చూస్తాడు, అప్పుడే ఎమ్మెస్ చేయాలని నిశ్చయించుకుంటాడు. ఒకప్పుడు ఈ బుడతడికి జావా అంటే ప్రాణం. తర్వాత క్లౌడ్, ఆపైన డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. గిరాకీ మారినప్పుడల్లా బాల్యమూ మారుతుంది. నాలుగేళ్లు సివిల్ ఇంజినీరింగ్‌లో ఇసుక, సిమెంటు పాళ్లు లెక్కగట్టినవాడు కూడా డేటా సైన్స్‌ని ఉగ్గుపాలతోనే తాగి ఉంటాడు.

ఈ బాల్యకథ పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. పిల్లల నోట ఎస్‌ఓపీ.

ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ మాటల్లో చెప్పమంటుంది యూనివర్సిటీ. ఆ సొంత మాటలు అమీర్‌పేట కన్సల్టెన్సీలో తయారుగా దొరుకుతాయి. లేదంటే కిందటేడు వెళ్లిన సీనియర్ పంపిస్తాడు. అదీ కాదంటే చాట్‌జీపీటీ ఉండనే ఉంది. పేరు, కాలేజీ, పర్సంటేజీ మారిస్తే ఒకే రేకులో దిగిన ఇడ్లీల్లా వరసగా వస్తాయి. యూనివర్సిటీ పేరు మార్చడం మరిచిపోతే మాత్రం ఆరిజోనా ప్రొఫెసర్ మీద భక్తి టెక్సాస్‌లో వెల్లడవుతుంది.

ఈ విద్యలో మనమే మొనగాళ్లమని మురిసిపోనక్కర్లేదు. 2007లో బ్రిటన్ అడ్మిషన్ల సంస్థ యూకాస్ 50,000 దరఖాస్తుల్ని జల్లెడ పడితే, ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో ఆడుతూ పైజమా కాల్చుకున్నవాళ్లు 234 మంది తేలారు. అమెరికాలో పెన్ స్టేట్ బిజినెస్ స్కూలు విలువలతో కూడిన నాయకత్వం గురించి రాయమంటే, దాదాపు 30 మంది ఎంబీఏ అభ్యర్థులు ఆ విలువల్ని వేరేచోటి నుంచి ఎత్తుకొచ్చి దొరికిపోయారు.

పిల్లలు అబద్ధాలు రాస్తున్నారని పెద్దలు నొచ్చుకుంటారు. నిజానికి చోటెక్కడుంది? అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం వీసా అడిగే విద్యార్థి అక్కడే ఉండిపోయే రకమని ముందే అనుకుంటారు. కాదని అతనే రుజువు చేసుకోవాలి. తిరిగొచ్చేస్తానని నమ్మించినవాడికి, చదువయ్యాక అదే ప్రభుత్వం ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకైతే మరో 24 నెలలు ఉద్యోగం చేసుకోనిస్తుంది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో 1,96,567 మంది పీజీ వాళ్లే. వీళ్లంతా కేవలం జ్ఞానతృష్ణతో వచ్చారని ఫీజులు కట్టించుకునే ఏ యూనివర్సిటీ నమ్ముతుంది?

ఉద్దేశాల మీద అంత పట్టింపున్న ప్రభుత్వమే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఎరగా పెట్టింది. ప్రొఫెసర్లు లేరు, తరగతులు లేవు, ఫీజులు మాత్రం ఉన్నాయి. 2019 జనవరిలో గుట్టు బయటపడేనాటికి దాదాపు 600 మంది చేరారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. చేర్పించిన ఏజెంట్లు జైలుకెళ్లారు, విద్యార్థుల్లో చాలామంది ఇంటిదారి పట్టారు. ఆ యూనివర్సిటీ పెట్టిన ఉద్దేశమేమిటో రెండు పేజీల్లో రాసిమ్మని మాత్రం ఎవరూ అడగలేదు.

నిజం రాయాలంటే నాలుగు వాక్యాలు చాలు. నాన్న పొలం తాకట్టు పెట్టి లోను తీశాడు. ఓపీటీలో ఉద్యోగం దొరికితే తీర్చేస్తాను. చెల్లి పెళ్లి కూడా అందులోంచే. సీనియర్ల రూములో ఒక పరుపుకి చోటుందట. చిక్కల్లా ఒకటే: అందరూ ఇలా నిజాయితీగా రాస్తే అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. కాపీ కొట్టారని అందరినీ ఒకేసారి తిప్పిపంపేయొచ్చు.