ఐదు రూపాయల పగ: టీకా తాత్పర్య సహితం

మూలం: పేకలో ఐదు రూప్యములు, ఊళ్లు రెండు, కత్తులు పెక్కు, రాఘవుడు లండను నుండి వచ్చెను.

అవతారిక: త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో 2018 అక్టోబరు 11న విడుదలైన ‘అరవింద సమేత వీర రాఘవ’ కథను పై సూత్రంలో ఇమిడ్చి, సీమ కక్షల చిత్రాలను రసదృష్టితో చూడదలచిన వారి సౌకర్యార్థం ఈ టీక కూర్చబడింది. ఆలయాల పేర్లలో వలె ఇక్కడ కూడా దేవి ముందు, దేవుడు వెనుక. కాబట్టి వేటకొడవళ్ల కథకు కల్యాణపత్రిక శీర్షిక అమరింది.

ప్రతిపదార్థం: పేకలో = పేకాటయందు; ఐదు రూప్యములు = తగాదాకు మూలధనం; ఊళ్లు రెండు = కొమ్మద్ది, నల్లగుడి అనేవి; కత్తులు పెక్కు = లెక్కపెట్టేవారు మిగలనన్ని; రాఘవుడు = ఎన్టీఆర్ ధరించిన పాత్ర; లండను నుండి = పగకు మిక్కిలి దూరం నుండి; వచ్చెను = రావడమే తడవుగా తండ్రి నారపరెడ్డిని పోగొట్టుకొన్నాడని శేషం.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: తెలుగువాడి పగకు పుట్టినిల్లు ఆటస్థలమే అన్నది ఇక్కడ ప్రధానంగా గ్రహించవలసిన అంశం. భారతంలో పాచికలు రాజ్యాన్ని తిని పదమూడేళ్లు అడవికి, అజ్ఞాతానికి పంపాయి. పల్నాటి కథలో కోడిపుంజు ఓడిపోగా బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు మాచర్ల విడిచిపోయింది, చివరికి కారంపూడి రణరంగమైంది. ఇక్కడ పేకముక్కలు ఆ పని చేశాయి. పందెం సామ్రాజ్యం నుండి ఐదు రూపాయలకు దిగివచ్చినా పగ మాత్రం దమ్మిడీ తగ్గలేదు. కక్షకు ఘనమైన కారణం వెదకిపెట్టే శ్రమను దర్శకుడు మానుకోవడం ఈ చిత్రానికి గొప్ప అలంకారం. దీనిని అల్పహేతువనవచ్చు, ఆలంకారికులు ఒప్పుకోకపోయినా ప్రేక్షకులు ఒప్పుకొన్నారు.

శంక: ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) మొదలైనవాటిలో నాయకుడు ముందు సాధువుగా కనిపించి, గతం బయటపడ్డాక కత్తి పడతాడు, అది విరాటపర్వపు పద్ధతి. ఇందులో చొక్కాలేని రాఘవుడు ఆరంభంలోనే కత్తి దూసి, శత్రువు బసిరెడ్డి గొంతు కోసి, అంతా అయిపోయినట్లు నిలబడితే తరువాత రెండు గంటలు ఏం చేయాలి?

సమాధానం: భరతముని లెక్కలో రౌద్రానికి స్థాయి, అంటే రసంగా పండే మూలభావం, క్రోధం, వీరానికి ఉత్సాహం. రౌద్రం ప్రధానంగా రాక్షసులకు, ఉద్ధతులకు చెల్లుతుంది, వీరం ఉత్తముల సొత్తు. కక్షల చిత్రాల చిరకాలపు తంటా ఇదే: చేయించేది రౌద్రం, పేరు పెట్టేది వీరం. ఇక్కడ రౌద్రాన్ని మొదటి రీళ్లలోనే ఖర్చుచేసి, జేజి (సీమలో నాయనమ్మ) మాట, నాయిక అరవింద మాట విని, నరకడం కంటే ఆపడమే ఉత్సాహమని నాయకుడు తెలుసుకొనేలా చేయడం చక్కని ఎత్తుగడ. అయితే సంధికి ఒప్పుకొన్న సొంత కొడుకు బాలరెడ్డిని, గొంతు తెగినా బతికిన బసిరెడ్డే చంపడం, ఆ బసిరెడ్డిని రాఘవుడు చంపడం చూస్తే, శాంతిపర్వం యుద్ధపర్వాల తరువాతే రావాలన్న వ్యాసుడి క్రమాన్ని దాటడానికి త్రివిక్రమ్‌కు కూడా ధైర్యం చాలలేదనిపిస్తుంది. జగపతిబాబు బసిరెడ్డిని అంత భయంకరంగా పోషించినందువల్ల, అతడు బతికి ఉండగా ఇల్లు చేరడానికి ప్రేక్షకుడు కూడా ఇష్టపడడని వ్యాఖ్యాతలు సమర్థిస్తారు. ఈ సమర్థన బలహీనమైనదే గాని టికెట్టు కొన్నవాడి వైపు నుండి వచ్చింది.

పాఠనిర్ణయం: నాయకుడు కత్తి అందుకొనే స్థలంలో మొదటి ఆటల ప్రతులన్నింటిలో ఈలల వల్ల సంభాషణ లుప్తమైంది, టీవీ ప్రతిలో అక్షరాలు దక్కుతున్నాయి గాని, అప్పటికి ప్రకటన వచ్చి తక్కిన భాగాన్ని గ్రంథపాతం చేస్తోంది.