గిటారు కొనబోయేవాడు

సింధనూరు, మాన్వి తాలూకాల్లో మన తెలుగువాళ్ల క్యాంపు ఏదైనా సరే, ఒక రామాలయం, ఒక చర్చి, ఒక ఎరువుల కొట్టు, వీటితోపాటు గిటారు కొనబోయేవాడు ఒకడు తప్పనిసరిగా ఉంటాడు.

వయసు ఇరవై దాటి ముప్ఫైకి ఇంకా దూరం. రాయచూరులో డిగ్రీ అయిందనిపించుకుని, బెంగళూరులో ఆర్నెల్లు ఉద్యోగం చేసి, ‘సెట్ కాలేదు’ అంటూ తిరిగొచ్చి ఉంటాడు. ఒంటిమీద నల్ల టీషర్టు, దానిమీద పుర్రెబొమ్మ. రాయచూరు జిల్లా ఏప్రిల్ ఎండకి కాకులే నల్లగా పుట్టినందుకు విచారిస్తుంటే, ఇతను మాత్రం వేరే రంగు ముట్టడు. జుట్టు భుజాల దాకా పెంచుదామనుకుంటాడు గానీ, అది మెడ దాటే వేళకి సరిగ్గా ఇంట్లో ఎవరికో తిరుపతి మొక్కు గుర్తొస్తుంది. 2011 అక్టోబరులో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి మెటాలికా బ్యాండు వచ్చినప్పుడు తానింకా బళ్లో ఉన్నానే అని ఇప్పటికీ వగచి వగచి చెబుతాడు. అప్పుడు పెద్దవాడై ఉంటే వెళ్లేవాడా అంటే, టికెట్లు ఏ వరసలో తీసుకోవాలో తేల్చుకునేలోపు వాళ్లు అమెరికా చేరిపోయేవారు.

మావాడికి ఇరవై నాలుగు. నన్ను బాబాయ్ అంటాడు. రెండిళ్లకీ మధ్య ఓ గోడ, ఓ మునగచెట్టు. చెట్టు కాయలూ గోడ మీది కబుర్లూ మావైపే ఎక్కువ రాలతాయి.

వాళ్ల తాతగారి సంగతి ఎత్తకుండా మనవడి గురించి మాట్లాడటం అన్యాయం. తుంగభద్ర డ్యాం 1953లో నీళ్లందుకున్నాక, ఈ జిల్లా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, కోస్తా రైతులు ఇటు వచ్చి ఈ క్యాంపులు వేసుకోవడం మొదలుపెట్టారు. పాలకొల్లు దగ్గర ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదెకరాల నల్లరేగడి వస్తుందని ఎవరో చెవిన వేశారట. పెద్దాయన మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని, ‘సరే’ అన్నాడట. భూమి చూళ్లేదు, కాలువ చూళ్లేదు, కన్నడం ముక్క రాదు. ఆ ‘సరే’ మీద మూడు తరాలు తింటున్నాయి. అటువంటి మనిషి మనవడికి ఆరు తీగల చెక్క ఒకటి కొనడానికి మూడేళ్లు చాల్లేదు.

బడ్జెట్ పదిహేను వేలు. అది స్థిరం. మారేదల్లా గిటారే. సోమవారం స్క్వయర్ ఖాయం. “ఫెండర్ వాళ్ల సొంత బ్రాండే బాబాయ్, తక్కువ ధర గిటార్లకి 1982 నుంచీ ఆ పేరే. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ అచ్చుకి అచ్చు.” బుధవారానికి స్ట్రాట్ మోత పల్చనైపోతుంది, హెవీ మెటల్‌కి పనికిరాదు. ఇబానెజ్ జియో ఖాయం. నాగోయా కంపెనీ, మెడ సన్నం, వేళ్లు పరిగెడతాయి. ఎవరి వేళ్లు అని నేనడగను. శుక్రవారం యమహా పసిఫికా.

“యమహా అంటే మోటారు సైకిలు యమహాయేనా?”

“వాళ్లే బాబాయ్. అసలు వాళ్లు మొదలుపెట్టిందే వాద్యాలతో. 1887లో ఆర్గన్. బండ్లు ఎప్పుడో 1955లో. ఆ గుర్తులో మూడు పుల్లలుంటాయే, అవి ట్యూనింగ్ ఫోర్కులు.”

ఇంతకాలం ఆర్ఎక్స్ హండ్రెడ్ మీద పొలానికి యూరియా మోసిన నాకు, మోసింది సంగీత సంస్థ అని ఆ రోజే తెలిసింది. పసిఫికా 112 అన్నింటికన్నా మంచిదట. రెండు సింగిల్ కాయిల్ పికప్పులు, బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్, ఏ పాటకైనా సరిపోతుంది. ధర మాత్రం బడ్జెట్‌కి చాలా పైన. అందుకని ఆదివారం నాటికి మనవాళ్లు తరాల తరబడి చెయ్యి తిప్పుకున్న కోల్‌కతా గివ్‌సన్ దగ్గరికి దిగొస్తాడు. మళ్లీ సోమవారం వస్తుంది.

ఇక రైసుమిల్లు గొడవ. గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన వెంట్రుకంత రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది. చుట్ట ఒక్కటే ఉంటే తీగ కదలికతోపాటు చుట్టుపక్కల వైర్లలో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనడం కూడా పట్టేసి వినిపిస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, అయస్కాంతాలనీ చుట్టుడునీ ఎదురుబొదురు చేశాడు. దాంతో తీగ మోతలు రెండూ కలిసిపోతాయి, కరెంటు రొదలు రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అదే హంబకర్. ఇది మావాడు నాకు మునగచెట్టు కింద, వంటింటి వైరుముక్క చుట్టి మరీ చూపించాడు.

“అటు రైసుమిల్లు, ఇటు ట్రాన్స్‌ఫార్మరు, వెనక బోరు మోటార్లు. పైగా మన జిల్లాలోనే శక్తినగర్, 1720 మెగావాట్లు. ఇంత కరెంటు మధ్య సింగిల్ కాయిల్ ఎలా కొనమంటారు?”

“కరెంటేదిరా? పొద్దున్నుంచీ లేదు.”

“అది వేరే సమస్య బాబాయ్.”

మీటతో కదిలే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్నది మొదటిసారి కొనేవాడు ముట్టుకోకూడదంటాడు. అందులో ఒక తీగ తెగితే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి, కొత్త తీగ వేసి అన్నీ మళ్లీ సరిచేసేసరికి పాట మీద విరక్తి పుడుతుంది. కదలని బ్రిడ్జే మేలు. ఉన్న డబ్బంతా గిటారుకే పోస్తే ఆంప్‌కి ఏం మిగులుతుంది? ఆంప్ లేని ఎలక్ట్రిక్ గిటారుది దోమ గొంతు. కాబట్టి పదిహేనులో నాలుగో ఐదో ఆంప్‌కి పక్కన పెట్టాలి, హోమ్ థియేటర్‌కి తగిలించి సరిపెట్టుకోకూడదు. చెక్క ఏ జాతిది అన్నదానికన్నా మెడ తిన్నగా ఉందా, బిరడాలు శ్రుతిని పట్టి నిలుపుతున్నాయా అన్నది ముఖ్యం. ఇందులో ఒక్క ముక్క తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు. కోతలు కోసేవాడైతే తిట్టి పంపేవాళ్లం.

ఒకసారి మాత్రం కొనడం మానేసి చేసుకుందామనుకున్నాడు. 1963లో, క్వీన్ బ్యాండు ఇంకా పుట్టకముందు, ఇంగ్లండులో బ్రయన్ మే అనే పదహారేళ్ల కుర్రాడు డబ్బుల్లేక తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. మెడకి పాత చలిమంట గూటి చెక్క, లోపల మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు, మీట చివర వాళ్లమ్మ అల్లిక సూది కొన. తర్వాత క్వీన్ పాటల్లో లోకమంతా విన్నది ఆ గిటారునే. ఇది చదివిన రాత్రి మావాడు వాళ్ల మామ్మ పడుకున్న టేకు మంచం చుట్టూ తిరిగి, కోళ్ల మీద వేలితో కొట్టి చెవి ఆనించాడు.

“ఏరా, చెద పట్టిందా?” అంది మామ్మ కళ్లు తెరవకుండానే.

“లేదు మామ్మా, మోత చూస్తున్నా.”

“నేను పోయాక చూద్దువుగాని. ఇది పాలకొల్లునుంచి లారీలో వచ్చిన మంచం.” కాసేపాగి లేచి కూర్చుంది. “అదే పాలకొల్లులో పుట్టాడు మాండలిన్ శ్రీనివాసు. ఆరేళ్లకే వాళ్ల నాన్నది పట్టుకుని మోగించాడు. ఏ కంపెనీదో చూసుకుని పట్టుకున్నాడా?”

“ఆయనదీ ఎలక్ట్రిక్కే మామ్మా. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు తెలుసా?” అని చెప్పి, ఆ తీగల మందం ఎంతో కనుక్కోవడంలో ఆ నెల గడిపేశాడు. మంచం బతికిపోయింది.

వాయిదాలకి ప్రకృతి కూడా తోడ్పడుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పందొమ్మిదో నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీళ్లన్నీ కిందికి పోతుంటే ఎడమ కాలువ రైతులకి ఆ వారం అన్నం సయించలేదు. మావాడూ మొహం వేలాడేసి, “ఈ సీజన్‌కి గిటారు లేనట్టే బాబాయ్,” అన్నాడు. గొంతులో బాధ ఉంది గానీ, ఆ రాత్రి అంత హాయిగా నిద్రపోయినవాడు క్యాంపులో ఇంకొకడు లేడు. వారం తిరక్కుండా గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి బృందం స్టాప్‌లాగులనే అడ్డుపలకలు దించి నీళ్లాపింది. ఊరంతా స్వీట్లు పంచుకుంది. ఇతనొక్కడే దిగులుగా ధరలు చూసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత దసరా సేల్ వస్తుందని ఆగాడు, దసరా సేల్‌లో దీపావళి సేల్ ఇంకా బాగుంటుందని ఆగాడు.

గిటారు లేదన్నమాటే గానీ, గిటారుకి కావలసినవేవీ తక్కువలేవు. భుజాన వేసుకునే పట్టీ, డబ్బాడు పిక్కులు, ట్యూనరు, మూడు మీటర్ల కేబులు, తొమ్మిది సైజు తీగలు ఒక సెట్టు, ఏమో అవసరం పడొచ్చని పది సైజు ఇంకో సెట్టు. గదిలో మూల ఖాళీ స్టాండు. దానిమీద మామ్మ తడి తువ్వాలు ఆరేసుకుంటుంది.

ఇంత అవుతున్నా జనం ఇతన్ని వెతుక్కుంటూ వస్తారు. అది నేను కళ్లారా చూసిందే. మొన్న వేసవిలో చర్చిలో వాయించే కుర్రాడు తన సెకండ్ హ్యాండ్ గిటారు దుప్పట్లో చుట్టుకుని తెచ్చాడు. నాలుగు వేలకి ఎవరి దగ్గరో కొన్నది. “అన్నా, చెయ్యి గీరుకుపోతోంది,” అన్నాడు. మావాడు మెడ అంచున బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి రాశాడు. “ఎండకి చెక్క ఎండి లోపలికి జరిగింది. లోహం జరగదుగా. అందుకని ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చాయి.” నా చెయ్యి పట్టి రాయించాడు, రంపపు పళ్లే. చెక్కకి గీత పడకుండా టేపు అంటించి, సన్నటి ఆకురాయితో ఒక్కో కొసా అరగదీశాడు.

తర్వాత జేబులోంచి ట్రాక్టరు మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న ట్యాపెట్ గేజ్ తీశాడు. మొదటి ఫ్రెట్టు దగ్గర క్లిప్పు బిగించి, చివరి ఫ్రెట్టు దగ్గర తీగని వేలితో నొక్కిపట్టి, మధ్యలో ఏడో ఫ్రెట్టుకీ తీగకీ ఉన్న సందులోకి పావు మిల్లీమీటరు రేకు దూర్చాడు. రేకు ఏమాత్రం తగలకుండా అటునుంచి ఇటు జారిపోయింది. “మెడ ముందుకి వంగింది.” తల దగ్గరి రంధ్రంలో ఎలన్ కీ పెట్టి పావు చుట్టు తిప్పాడు. మళ్లీ శ్రుతి చేసి మళ్లీ రేకు పెట్టాడు. ఈసారి తీగ కదలకుండా రేకు రాసుకుంటూ వెళ్లింది. మా ట్రాక్టరు వాల్వులకి మెకానిక్కు ఎప్పుడూ అంత ఓపిక చూపించలేదు.

కుర్రాడు గిటారు తీసుకుని వాయించాడు. వాడికి వచ్చిందల్లా జి, డి, ఇ మైనరు, సి. ఆ నాలిగింటితో క్రిస్మస్సు, ఈస్టరు, రెండు పెళ్లిళ్లు జరిపించేశాడట. తీగలు ముందుకన్నా హాయిగా లొంగుతున్నాయని మొహమే చెబుతోంది.

“ఏదీ, నువ్వోసారి వాయించు,” అన్నాను మావాడితో.

చేతులు టీషర్టుకి తుడుచుకున్నాడు. “నాది కొన్నాక బాబాయ్. ఒకరి దాని మీద చెయ్యి పాడుచేసుకోకూడదు.”

చివరికి వాళ్ల నాన్న రంగంలోకి దిగాడు. ఆయన మాటలు ఎరువుకన్నా పొదుపుగా వాడే మనిషి. మాన్విలో ఎవరో పాత గిటారు అమ్ముతున్నారని విని, కొడుకునీ నన్నూ జీపులో ఎక్కించుకుపోయాడు. అమ్మేవాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, “ఎన్ని గంటలు తిరిగింది?” వాడు నోరు తెరిచాడు. ఈయన గిటారు అందుకుని, తల వైపు కంటికి ఆనించి, ఒక కన్ను మూసి, దూలం తిన్నగా ఉందో లేదో చూసే పద్ధతిలో మెడ పొడవునా చూశాడు. “వంకర,” అన్నాడు. మావాడు గేజ్ తీసి కొలిచాడు. వంకరే. మెడ చూసే పద్ధతి అదేనని తాను పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ రెండేళ్లు కుస్తీపట్టి నేర్చుకున్నాడట. నాన్న అంతకుముందు ఏ గిటారూ ముట్టకుండానే ఆ పని చేసేసరికి పిల్లాడు తిరుగు దారంతా నోరు మెదపలేదు.

పంట డబ్బు చేతికొచ్చాక ఆయన పదిహేను వేలు లెక్కపెట్టి కొడుకు చేతిలో పెట్టాడు. “హైదరాబాద్ వెళ్లు. కొనకుండా గుమ్మం ఎక్కకు.” రాత్రి బస్సుకి పంపించాం. మామ్మ స్టాండు మీది తువ్వాలు తీసేసి, స్టాండుకి పసుపు కూడా రాసింది.

మర్నాడు రాత్రి మావాడు ఒట్టి చేతులతో దిగాడు. పదిహేను వేలూ మడత నలగకుండా తెచ్చి నాన్న ముందు పెట్టాడు. షాపులో గోడకి వేలాడుతున్న గిటార్లన్నీ దింపించి వరసగా శ్రుతి చేశాడట. రెండింటికి మెడలు సరిచేశాడట. కొనడానికొచ్చిన కాలేజీ పిల్లలకి ఏది ఎందుకు కొనాలో చెప్పి, సాయంత్రంలోగా మూడు గిటార్లు అమ్మించేశాడట.

“మరి నీది?”

“నాది తేల్లేదు నాన్నా. కానీ షాపాయన ఉద్యోగానికి రమ్మన్నాడు. నెలకి పద్దెనిమిది వేలు, పైన గది.”

ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి. వాళ్ల నాన్న అయితే మూడేళ్లలో మొదటిసారి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎప్పుడు చేరుతున్నావ్?” అన్నాను.

“అప్పుడే ఎక్కడ బాబాయ్. బెంగళూరులో రెండు షాపులున్నాయి, చెన్నైలో ఒకటుంది. అన్నీ కనుక్కుని, జీతం, గది, పని గంటలు పక్కపక్కన రాసుకుని చూడాలి కదా.”

ఆయన చెయ్యి తీసేశాడు. మామ్మ మాత్రం మంచం మీంచే అంది: “ఏదైనా చేరు గానీ, హంబక్కరు ఉందో లేదో అడిగి మరీ చేరరా నాయనా.”