మీ చట్టం చక్కనిది

అయ్యా, అనుమతులిచ్చే అధికారులారా, ముందుగా మీ చేతిలో ఉన్న చట్టానికి నమస్కారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో చెప్పిన చోటు చదివితే మనసు నిండుతుంది. తుపాకీ పేల్చడం, వల పన్నడం మాత్రమే వేట కాదని, పక్షి గుడ్డును పాడుచేసినా, గూటిని కదిపినా అదీ వేటేనని అందులో ఉంది. 2019 నాటి కోస్తా నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ కూడా అంతే. సముద్రతీరంలో అన్నిటికన్నా పదిలంగా కాపాడవలసిన వాటి జాబితాలో మడ అడవులు, ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లతో పాటు పక్షులు గూళ్లు కట్టే చోట్లనూ చేర్చారు. రాసినవారికి దయ ఉంది, చూపు ఉంది. ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చమని నేను అడగను.

ఇంత మంచి చట్టం ఉన్నచోట పక్షి ఎందుకు భయపడాలి? శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం వెళ్లి చూడండి. వానాకాలం చివర్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్డు పొదగడానికి నెల, పిల్లకు రెక్కలు రావడానికి మరో రెండు మూడు నెలలు. గూడబాతు పిల్ల తల్లి నోరు తెరిపించి, దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపను అందుకుంటుంది. ఎండ ముదిరితే ఎర్రకాళ్ల కొంగ రెక్కలు గొడుగులా పరిచి పిల్లల మీద నీడ పడేలా నిలబడుతుంది. కింద పెరట్లో రెట్ట, నీచు వాసన, జారిపడిన చేపముక్కలు. రెట్ట పడి చింతకాయ కాపూ దెబ్బతింటుంది. అయినా ఊరు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటుంది. అలా చూసుకోమని వాళ్లకు ఏ ఉత్తర్వూ రాలేదు.

మీ నిష్పక్షపాతం కూడా మెచ్చుకోదగ్గది. నీరు, భూమి, చెట్ల కోసం చేసిన వాల్టా చట్టం ముందు పేదా పెద్దా తేడా లేదు. తన పెరట్లో తాను పెంచిన చింతచెట్టునైనా సరే, కొట్టాలంటే ఎవరైనా మీ దగ్గరకు రావలసిందే. చెట్టు కొట్టుకుంటానన్న వాడికి దరఖాస్తు ఉంది, పరిశీలించే అధికారి ఉన్నాడు, సంతకం ఉంది. నేను కొట్టను, కాపు పోయినా ఫర్వాలేదు, పక్షులకే వదిలేస్తానని ఒక రైతు వస్తే అతని చేతిలో పెట్టడానికి ఆ కార్యాలయంలో ఏ కాగితం ఉంది? కొట్టేవాడికి ఉన్నపాటి గుర్తింపు కాపాడేవాడికి లేకపోవడం కన్నా అన్యాయం ఏముంటుంది?

ఇంకో చిక్కు ఉంది. గూటిని కదిపితే వేట అంది చట్టం, బాగుంది. వేసవి ముదిరేసరికి పిల్లలు ఎగిరిపోతాయి, గూళ్లు ఖాళీ అవుతాయి. అప్పుడు ఆ చెట్టు రికార్డుల్లో మామూలు చింతచెట్టే. దాన్ని కొట్టినా గుడ్డు పగలదు, పిల్ల చావదు, వేట జరిగిందని ఎవరూ రాయరు. సెప్టెంబరులో తిరిగొచ్చిన జంట కొమ్మ కోసం వెతుక్కుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు పెద్ద చెట్టు విలువేమిటో ఈ జిల్లాకు తెలిసొచ్చింది. గాలికి పోయిన చెట్లకు ఎవరూ జవాబుదారీ కాదు. సంతకంతో పోయే చెట్టుకు మాత్రం మీరే జవాబుదారీ.

మీ కొలతలు కచ్చితమైనవి. జనం పలచగా ఉన్న పల్లెతీరాల్లో పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు కూడదంటారు, జనసాంద్రత ఎక్కువైన పల్లెల్లో 50 మీటర్లు చాలంటారు, పటాల మీద గీతలు గీస్తారు. తేలినీలాపురం చింతచెట్లు ఆ గీతలన్నిటికీ అవతల, ఊరి మధ్యలో ఉన్నాయి. పక్షి పడుకునేది అక్కడే అయినా తినేది నౌపడ, కాకరాపల్లి తంపర భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో. ఎర్రకాళ్ల కొంగ కంటితో వెతికి చేపను పట్టదు. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో ముక్కు సగం తెరిచి పెట్టి, కాలితో బురద కెలుకుతూ నడుస్తుంది. ముక్కుకు తగిలిందే దాని తిండి. ఆ నీళ్లు మట్టితో కప్పితే చెట్టు ఉండి లాభం లేదు. మీ దగ్గర చెట్టుది ఒక ఫైలు, తంపరది మరో ఫైలు, వాగుది ఇంకొకటి, పక్షిది వేరొక శాఖ. ఒక్క కొంగ ఒక్క పూటలో ఈ మూడు చోట్లా తిరిగి పిల్లకు మేత తెస్తుంది. దాని సంసారమంతా ఒకచోట కనిపించే ఫైలు ఒక్కటీ లేదు.

మీలో నిజం చెప్పినవారూ ఉన్నారు, వారిని తలచుకోకపోవడం తప్పు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. అది బీడు కాదు, చిత్తడి నేల అన్న రైతుల, జాలర్ల మాట నిలబడింది. ఆ ఉత్తర్వు వచ్చింది 2010 జులై 14న. సోంపేటలో ఆ కేంద్రం వద్దన్నవారి మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయిందీ అదే రోజున. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర, వడ్డితాండ్రలో మళ్లీ కాల్పులు జరిగి మళ్లీ ప్రాణాలు పోయాయి. అక్కడ తలపెట్టిన మరో థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2009లోనే అనుమతి వచ్చేసింది. అనుమతులు ఢిల్లీవి కావచ్చు, భూమిని కేటాయించింది మాత్రం మన రాష్ట్రమే. నీళ్లలో నిలబడి చేపలు పట్టేవాడికి అది ఏ నేలో ముందునుంచీ తెలుసు. సంతకం పెట్టకముందు ఎవరైనా వెళ్లి అతన్ని అడిగి ఉంటే సరిపోయేది.

పక్షుల మీద మీకున్న ప్రేమను నేను శంకించను. కొల్లేరు దగ్గరి ఆటపాకలో గూడబాతుల కోసం అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెడితే అవి వాటి మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపాయి. మంచి పని. అయితే ఈ పక్షుల్ని సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా సైబీరియావి కావు. ఈ ఉపఖండంలోనే పుట్టి, ఈ చెరువుల మధ్యనే తిరిగి, ఇక్కడే చచ్చే పక్షులివి. ఈ పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని ఫలితం పెద్దది. అతిథికి ఆర్నెల్లు మర్యాద చేస్తే చాలు, మిగతా ఏడాది వాళ్ల ఊరు చూసుకుంటుంది. సొంత ఊరి బిడ్డకు పన్నెండు నెలలూ ఇక్కడే నీళ్లుండాలి, ఇక్కడే చెట్టుండాలి. పండగ చేస్తే సరిపోదు.

మళ్లీ మీ చట్టం దగ్గరికే వస్తాను, ఎందుకంటే దారి అందులోనే ఉంది. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణలో 36-సి అనే సెక్షన్ చేర్చారు. ఊరివాళ్లు తమ భూమిలో, తమ చెట్ల మీద పక్షుల్ని కాపాడతామని ముందుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆ చోటును కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. దాన్ని నడిపే కమిటీలో పంచాయతీ తరఫువారు, అటవీ శాఖ నుంచి ఒకరు ఉంటారు. భూమి యజమానిదే, పట్టా పోదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరును 2007లో ఇలాగే ప్రకటించారు. అక్కడా ఇవే పక్షులు, ఇవే చింతచెట్లు. పక్షులవల్ల కాపు పోయిన చెట్ల యజమానులకు అక్కడి అటవీ శాఖ ఏళ్ల తరబడి పరిహారం ఇచ్చింది.

తేలినీలాపురంలోనూ, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టే ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ గ్రామసభ పెట్టించండి, ఊరు ముందుకొస్తే ఆ చోటును కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించండి. గూళ్లున్న ప్రతి చెట్టునూ యజమాని పేరుతో రాయించండి. ఆ చెట్టును ఏడాది పొడవునా, గూళ్లు ఖాళీగా ఉన్న నెలల్లో కూడా, కొట్టకూడదని ఉత్తర్వివ్వండి. కాపు నష్టాన్ని యజమానికి కట్టివ్వండి. తంపరలో ఏ పనికి అనుమతి అడిగినా రిజర్వు కమిటీ అభిప్రాయం లేకుండా ఫైలు కదపకండి. చట్టం మీకు చక్కగా రాసిచ్చారు, సెప్టెంబరుకు ముందే వాడండి.