నేను పాలపన్నును కాను

నేను మొదటి శాశ్వత దవడపన్నును. మా పిల్లకు ఆరేళ్ళు వచ్చినప్పుడు కింది దవడలో ఎడమవైపు, పాలపళ్ళన్నిటికీ వెనక, ఖాళీగా ఉన్న చిగురును చీల్చుకుని బయటికి వచ్చాను. దంతవైద్యులు నన్ను 36 అని రాస్తారు. 3 అంటే కింది దవడ ఎడమ పక్క, 6 అంటే నడిమి నుంచి లెక్కపెడితే ఆరోది. ఆమెకు ఎంత వయసొచ్చినా నాకు మా పిల్లే కాబట్టి అలాగే పిలుస్తాను.

మిగతా పళ్ళ రాక ఇంట్లో అందరికీ తెలుస్తుంది. పాలపన్ను కదులుతుంది, ఊడుతుంది, ఆ సందులోంచి కొత్తది తొంగిచూస్తుంది. నా కోసం ఏ పన్నూ ఊడదు. నోటి చివర చీకట్లో చడీచప్పుడూ లేకుండా మొలిచిన నన్ను ఎవరూ చూడరు. చూసినా పాలపన్ను అనుకుంటారు. ఆ రోజుల్లోనే మా పిల్ల ముందు పాలపన్ను ఊడితే నాయనమ్మ దాన్ని కడిగి, పిల్లను వాకిట్లో నిలబెట్టి, ఇంటి కప్పు మీదికి విసిరించింది. ఊడిపోయిన దానికి అంత మర్యాద జరిగింది. కొన్నాళ్ళకు నా నెత్తిమీద నల్లచుక్క చూసి వాళ్ళమ్మ కంగారుపడితే అదే నాయనమ్మ, "పాలపన్నేగా అమ్మాయ్, ఎటూ ఊడిపోయేదే. దానికోసం తెనాలి దాకా పోతావా?" అంది. పెద్దావిడ మీద నాకు కోపం లేదు. ఆరేళ్ళకు వచ్చే ఈ నాలుగు దవడపళ్ళూ జన్మంతా ఉండాల్సినవని ఆవిడకు ఎవరు చెప్పారు గనక? చెప్పాల్సినవాళ్ళ మీదే నా కోపం.

నా కట్టుబడి గురించి క్లుప్తంగా చెప్తాను. పైన ఎనామిల్. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. మనిషి ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. దాని కింద కాస్త మెత్తని డెంటిన్, అంతకన్నా లోపల నరాలూ రక్తనాళాలూ ఉన్న గుజ్జు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మూసుకుంటుంది. నా ఎనామిల్‌ను కట్టిన కణాలు మాత్రం నేను చిగురు దాటేసరికే నశించిపోయాయి. అక్కడ గుంట పడితే ఒళ్ళు దాన్ని పూడ్చుకోలేదు.

పనిలో మాత్రం నేను ఎవరికీ తీసిపోలేదు. ములక్కాడ ముక్క నమిలి సారమంతా లాగి పీచు మిగిల్చింది నేను. ముందు పళ్ళు చెరుకు చీరితే పిప్పి చేసింది నేను. ఊరమిరపకాయ, జంతిక, వేయించిన వేరుశనగ గుళ్ళు అన్నీ మొదట నా దగ్గరికే వచ్చేవి. నా వేళ్ళకూ దవడ ఎముకకూ మధ్య ఒక పలచని నారపొర ఉండేది. దానిలోని నరాలు ఎంత చురుకైనవంటే, అన్నంలో చిన్న మట్టిబెడ్డ తగిలినా మా పిల్లకు విషయం తెలిసేలోపే దవడ ఆగిపోయేది. ఆ నేర్పు గురించి గర్వంగా చెప్పుకుంటాను. ఎంత ఖరీదు పెట్టినా అది మళ్ళీ దొరకదు.

నా నెత్తిమీద గాడులు ఎక్కువ. నమలడానికి అవి కావాలి. కానీ వాటిలో కొన్ని బ్రష్షు పోగుకన్నా సన్నం. అందులో ఇరుక్కున్నది అక్కడే ఉండిపోతుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న జీడిముక్క అలా ఇరుక్కుని పూటంతా కరుగుతూ ఉండేది. నోట్లో కాపురముండే సూక్ష్మజీవులు, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనేది, ఆ తీపి తిని ఆమ్లం వదులుతాయి. పళ్ళ మీది పాచిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే నాలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి తెచ్చిపెడుతుంది. అందుకు దానికి అరగంటో గంటో వ్యవధి కావాలి. ఏడాదికోసారి వచ్చే తిరునాళ్ళను నేను తప్పుపట్టను. నన్ను తిన్నది రోజూ పొద్దున్నా, పదకొండింటికీ, సాయంత్రం, రాత్రి చదువు దగ్గరా టీలో ముంచుకున్న బిస్కెట్లు. తిన్న తీపి ఎంత అన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే నాకు ముఖ్యం. ప్రతిసారీ లాలాజలం పని మొదలుపెట్టేది, అది ముగిసేలోపు ఇంకో బిస్కెట్ వచ్చేది.

నల్లచుక్క ఒక్కసారిగా రాదు. ముందు వెలవెలబోయిన తెల్ల మచ్చ వస్తుంది. ఆ దశలో నన్ను వెనక్కి తిప్పవచ్చు. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమి, ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే ఆ ఫ్లోరైడ్ ఖనిజాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. మా పిల్ల పొద్దున్నే తోముకునేది, రాత్రి తోముకునేది కాదు. ఫ్లోరైడ్ అనగానే వాళ్ళ నాన్నకు నల్గొండ గుర్తొచ్చి భయపడేవాడు. అక్కడి ఊళ్ళను బాధపెట్టింది ఏళ్ళ తరబడి తాగిన బోరునీళ్ళు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్ళడం వేరు, బఠాణీగింజంత పేస్టుతో తోమి ఉమ్మేయడం వేరు.

బడికి ఒకసారి దంతవైద్యులు వచ్చారు. ఒక డాక్టరమ్మ అద్దం పెట్టి నన్ను చూసి, "ఇది శాశ్వత పన్నమ్మా, గాడులు లోతుగా ఉన్నాయి. సీలెంట్ వేయించమని ఇంట్లో చెప్పు" అంది. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు. గాడుల్లోకి పలచని రెసిన్ జారవిడిచి నీలికాంతితో గట్టిపరిస్తే సరిపోయేది. ఆమె రాసిచ్చిన చీటీ పుస్తకాల సంచిలో నలిగి ఎప్పుడో చెత్తలోకి వెళ్ళింది. నన్ను నన్నుగా గుర్తుపట్టిన మొదటి మనిషి ఆమే. అందుకే ఆమె గొంతు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత చుక్క గుంటైంది. గుంట డెంటిన్ చేరింది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమని లాగేది. అప్పటికీ ఒక్కసారి కుర్చీలో కూర్చుంటే పనైపోయేది. పన్నుకు తనంతట తాను అంటుకుని కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదిలే గ్లాస్ అయొనోమర్ సిమెంటు ఉంది. పంటి రంగులోనే ఉండే కాంపోజిట్ ఉంది. తడి తగలకుండా పొరలుపొరలుగా పెట్టాలి, ఓపిక కావాలి. ఏళ్ళ తరబడి నిలిచే పాత వెండి ఫిల్లింగులో సగం పాదరసం, అందుకే 2013 నాటి మినమాటా ఒప్పందం తర్వాత దాని వాడకం తగ్గుతోంది. ఏది పెట్టినా నేను నిలిచేదాన్ని. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో కనీసం 7,500 ఏళ్ళ కిందటే బతికున్న మనుషుల దవడపళ్ళకు చెకుముకి రాతి మొనతో రంధ్రాలు చేశారు. రాతి పనిముట్లున్న వాళ్ళకు నా జాతి మీద ఉన్న శ్రద్ధ మా ఇంట్లో లేకపోయింది.

లవంగం పెట్టారు. అది కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, గుంటను పూడ్చదు. ఊళ్ళోకి వచ్చిన ఒకాయన వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ పట్టించి, పంటిపురుగులు రాలాయని చూపించాడు. నాలో ఏ పురుగూ ఎప్పుడూ లేదు. మా పిల్ల కళ్ళు మండి ఏడ్చింది.

పెళ్ళయి, కడుపుతో ఉండగా అసలు బాధ మొదలైంది. గుజ్జు వాచింది. గట్టి గోడల మధ్య ఆ వాపుకు చోటు లేదు. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువై ఒత్తిడి పెరుగుతుంది, అందుకే రాత్రిళ్ళు మంచం మీద లేచి కూర్చునేది. "కడుపుతో ఉన్నప్పుడు పంటి జోలికి పోకూడదమ్మా, కాన్పయ్యాక చూద్దాం" అంది అత్తగారు. ప్రేమతోనే అంది. కానీ గర్భిణికి పంటి వైద్యం చేయవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరీ అనుకూలం. మత్తు సూది కూడా జాగ్రత్తగా ఇస్తారు. బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియం లాగేసుకుంటుందన్న మాటా నిజం కాదు. మా పిల్ల నెలల తరబడి కుడివైపే నమిలింది. నేను పని లేకుండా, గార పట్టి, నొప్పితో పడి ఉన్నాను. ఆ తర్వాత గుజ్జు చచ్చిపోయింది. నొప్పి పోయింది. అందరూ నయమైందనుకున్నారు.

కాన్పయ్యాక దవడ వాచింది. మందుల షాపులో మాత్రలు కొని మింగింది. చచ్చిన గుజ్జుకు రక్తం అందదు, రక్తం అందని చోటికి మందు చేరదు. వాపు తగ్గేది, మళ్ళీ వచ్చేది. చివరికి తెనాలి తీసుకెళ్ళారు. ఆ డాక్టరు మంచి పనిమంతుడు. నా చుట్టూ రబ్బరు తెర బిగించి, నాలోని మూడు సన్నని కాలువలూ వెతికి పట్టుకుని, ఫైళ్ళతో గీకి, మందునీళ్ళతో కడిగి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపాడు. రూట్ కెనాల్ అంటే జనం ఉలిక్కిపడతారు గానీ, బాధ దాని ముందుదే. చివర్లో, "అమ్మా, ఇది ఇప్పుడు లోపల డొల్ల. గోడలు పలచగా ఉన్నాయి. క్యాప్ వేయకపోతే విరుగుతుంది" అని గట్టిగా చెప్పాడు. జిర్కోనియా అయితే ఇంత, లోహం మీద పింగాణీ అయితే ఇంత, ఉత్త లోహానిదైతే ఇంకా తక్కువ అని ధరలూ చెప్పాడు.

"నొప్పి లేదుగా, వచ్చే నెల చూద్దాం" అనుకున్నారు. ఆ నెలలో పిల్లాడికి జ్వరం. తర్వాత కౌలు డబ్బులు కట్టాలి. ఆ తర్వాత అడగడం మానేశారు. డబ్బు లేని ఇంటిని నేను నిందించలేను. తప్పు ఎక్కడుందంటే, ఆరేళ్ళప్పుడు అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పనిని వదిలేశాక, ప్రతి మెట్టు మీదా ఖర్చు పెరుగుతూ వచ్చింది. చివరి మెట్టు దగ్గర చెయ్యి చాలలేదు.

పప్పుచెక్క కొరికినప్పుడు విరిగాను. నాలుక వైపు గోడ మొత్తం ఊడి, చీలిక చిగురు దాటి ఎముక లోపలికి పోయింది. విరుపు చిగురు పైనే ఆగి ఉంటే లోపల పోస్టు దించి, దాని మీద కోర్ కట్టి, క్యాప్ వేసి నన్ను నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు పీకడమే మిగిలింది. పన్ను పీకితే కంటిచూపు పోతుందని అత్తగారు అడ్డుపడింది. కంటి నరానికీ నాకూ ఏ సంబంధమూ లేదని డాక్టరు దవడ బొమ్మ చూపించి ఒప్పించాడు.

స్టీలు ట్రేలో పడ్డాక ఆయన చెప్పినదంతా విన్నాను. "ఈ సందు అలా వదిలేయకమ్మా. వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది, ఎముక కరుగుతుంది." తీసిపెట్టుకునే కట్టుడు పన్ను చవకది, రాత్రి తీసి కడుక్కోవాలి. బ్రిడ్జి స్థిరంగా ఉంటుంది, దానికి నా ఇరుగుపొరుగు పళ్ళను రెండువైపులా అరగదీయాలి. వాటిని ఎనామిల్ చెడకుండా దాచుకున్నది మా పిల్ల, అవి అరిగిపోవడం నాకు ఇష్టం లేదు. మూడోది ఇంప్లాంట్. దవడ ఎముకలో టైటానియం మరను దించితే ఎముక దానికి అతుక్కుపోతుందని స్వీడన్‌లో బ్రేనెమార్క్ కనిపెట్టి, 1965లో మొదటిసారి మనిషికి పళ్ళు కట్టాడు. ఎముక పట్టేందుకు నెలలు ఆగి దానిమీద క్యాప్ బిగిస్తారు. నమలడంలో నాకు దగ్గరగా వచ్చేది అదే. కానీ దానికి నారపొర లేదు. అన్నంలో మట్టిబెడ్డను నాలా పసిగట్టలేదు. మా పిల్ల ఏది ఎంచుకుందో వినేలోపే నన్ను ట్రేతో సహా పక్కకు తీసుకెళ్ళారు.

చెత్తలోకే పోతాననుకున్నాను. అలా జరగలేదు. ఒక డెంటల్ కాలేజీ విద్యార్థిని క్లినిక్కులు తిరిగి పీకిన పళ్ళు అడిగి తీసుకెళ్ళేది. ఆమె సీసాలో ఫార్మలిన్‌లో మునిగి ఉన్నాను. ఇక్కడ నాతో ఉన్నవాళ్ళ కథలు వింటుంటే నా దుఃఖం చిన్నదైపోయింది. ఒక్క చుక్క పుచ్చు లేని ముందు పన్ను ఒకటుంది. దాని యజమానికి చక్కెర జబ్బు. చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా, గార తీసే స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని ఎవరో చెబితే నమ్మాడు. గారే చిగురునూ ఎముకనూ తినేసింది. నిండు ఆరోగ్యంతో ఊడి వచ్చానని అది రోజూ చెప్పుకుంటుంది. గుట్కా వల్ల ఎర్రబారి నల్లబడ్డ పళ్ళు ఉన్నాయి. తక్కినవాళ్ళలో చాలామంది నా జాతే, ఆరేళ్ళకు వచ్చిన దవడపళ్ళే.

రేపు ల్యాబులో నన్ను నిలువునా కోసి, రాతిమీద కాగితమంత పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడతారట. ఎలా కోయాలో లెక్చరర్ ఆమెకు చెప్పాడు. శాశ్వత పళ్ళలో మాలాంటి మొదటి దవడపళ్ళకే ఒక గీత ఉంటుంది. మా పిల్ల పుట్టిన నాడు ఎనామిల్‌లో పడ్డ గీత అది. దానికి ముందున్నది తల్లి కడుపులో తయారైంది, తర్వాతిది తల్లి పాలు తాగుతూ తయారైంది. ఆ గీత ముందువైపు బుగ్గ పక్క మొనలో దొరుకుతుంది. సీసాలోని మా వాళ్ళందరినీ తిప్పి తిప్పి చూసింది ఆ అమ్మాయి. ఒకరికి ఆ మొన పుచ్చిపోయింది, ఒకరికి అరిగిపోయింది. నాకు ఊడిపోయింది నాలుక వైపు గోడే కాబట్టి ఆ మూల చెక్కుచెదరలేదు. నా మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది.