నీకో దండం, నీలి బరకమా

గోదావరి జిల్లాల్లో నిన్ను బరకం అంటారు. తెలంగాణకు వెళితే తాటిపత్రివి. అనకాపల్లి కొట్లో టార్పాలిన్ కావాలంటే చాలు, మడతలు పెట్టిన నిన్ను బల్ల మీద వేసి, 12 బై 9 చాలా, 18 బై 12 ఇవ్వమంటారా అని అడుగుతారు. పేరేదైనా నువ్వు చేసే మేలు ఒక్కటే. నిన్ను పొగడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. గుడి మీదికి సైన్యం వస్తుంటే ఏం చేస్తున్నావయ్యా అని సింహాద్రి అప్పన్ననే నిలదీసి శతకం చెప్పిన గోగులపాటి కూర్మనాథకవి ఈ సీమవాడే. ఆయన తిట్లన్నీ భక్తితో తిట్టినవి. నా పొగడ్తలూ మనసారా చెప్పేవే. వాటిలో ఏ మాటైనా ఎవరికైనా గుచ్చుకుంటే, ఆ మాట వారిదే.

ముందు నీ కొలతల గురించి చెప్పుకోవాలి. చలికాలంలో లంబసింగి మంచు చూడబోయి, రెండు చెట్ల మధ్య నైలాన్ ఊయల కట్టుకుని రాత్రి గడపాలనుకునే కుర్రాళ్లు నీ గురించి ఎంత ఆలోచిస్తారో! వాళ్ల ఊయల 11 అడుగులు. మనిషి పడుకున్నాక అది కుంగుతుంది కాబట్టి రెండు కొసల మధ్య దూరం 9 అడుగుల చిల్లరే ఉంటుంది. తలవైపు ఒక అడుగు, కాళ్లవైపు ఒక అడుగు అదనంగా వదలాలి. అంటే చెట్ల మధ్య కట్టే నడిమి తాడు మీద నీ పొడవు 11 అడుగులకు తగ్గకూడదు. ఇక ఆకారం. 9 అడుగుల చదరాన్ని గాలిపటంలా మూల మీదికి తిప్పి కడితే నడిమి పొడవు దాదాపు 12 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. బరువు తక్కువ, కట్టడం తేలిక. కానీ రెండు కొసలూ సూదిగా ముగుస్తాయి కనుక ఏటవాలు వాన తలనీ పాదాలనీ తడిపేస్తుంది. 12 బై 9 ముక్కను పొడవుగా వేస్తే చెరోవైపు 4 అడుగుల 6 అంగుళాలు దిగుతుంది. సగం లంబకోణం వాలుతో కడితే కింద పొడిగా మిగిలే వెడల్పు దాదాపు 6 అడుగుల 4 అంగుళాలు. ఆరు మూలల రకం కూడా ఉంది. దాని అంచులను తాడు వేలాడినట్టు లోపలికి వంపుగా కోస్తారు. గాలికి టపటప కొట్టుకోదు, బిగువుగా నిలుస్తుంది. అయితే కోసిన మేర నీడ తగ్గుతుంది. గాలివాన ప్రాంతానికి దీర్ఘచతురస్రమే నయమని నా అభిప్రాయం.

ఒక్క రాత్రి పడుకునే మనిషి కోసం ఇంత లెక్క. ఆ శ్రద్ధను నేను తప్పుపట్టను. ఒంటి మీద వాన పడకూడదనుకోవడం న్యాయమైన కోరిక. ఆ న్యాయం ఎక్కడిదాకా వస్తుందో చూడాలని ఉంది, అంతే.

మా దగ్గర ఇంకో ఊయల ఉంది. పాతచీర ఉయ్యాల. ఒక కొస వేపచెట్టుకు, రెండో కొస పాతిన కర్రకు. అనకాపల్లికి కొద్దిదూరంలో రోడ్డు పక్కన ఒక ఇటుక బట్టీ దగ్గర చూశాను. వేసవిలో మబ్బు పట్టింది. "ముందు ఇటుకలు కప్పండర్రా!" అని మేస్త్రీ కేకేశాడు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, ఆడా మగా, పరుగెత్తారు. పచ్చి ఇటుక వానకు తడిస్తే మళ్లీ మట్టే. కరిగిన ఇటుక కూలి లెక్కలోకి రాదు. అందుకే బిడ్డను ఉయ్యాలలో వదిలి తల్లి కూడా వరుసల వైపే పరుగెత్తింది. ఇటుకల మీద నువ్వు కొత్తగా, వెడల్పుగా, నాలుగు మూలలా బరువులతో బిగుతుగా ఉన్నావు. ఒక్క వరుస తడవలేదు. ఉయ్యాల మీద కూడా నువ్వే ఉన్నావు. కిందటేడు ఇటుకల మీద చిరిగి పనికిరాకుండా పోయిన మంచమంత ముక్కవై.

ఆ బిడ్డను తడిపింది నీ చిరుగు కాదు. చెట్టు మానునుంచి తాడు వెంబడి పారిన నీళ్లు చీర ముడిలోకి దిగి, అక్కణ్ణుంచి ఉయ్యాల అడుగుకు చేరాయి. తల్లి వచ్చి ఎత్తుకునేసరికి పిల్ల నడుముదాకా తడిసి ఉంది. నీ చిన్న ముక్క తను కప్పగలిగినంతా కప్పింది. నీ మీద నాకు కోపం లేదు.

అనకాపల్లికి కొలవడం రాదని ఎవరూ అనలేరు. చెరకు కోసం 1913 నుంచి పరిశోధనా స్థానం నడుపుతున్న ఊరు ఇది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడ ఉంది. బెల్లం గాలిలో తేమను పీల్చుకుని కారిపోతుందని తెలుసు కాబట్టి, దిమ్మల మీద ఎంత బరకం పట్టా వేయాలో, అంచు ఎంత కిందికి దించాలో హమాలీ కూడా చెప్పగలడు. విలువ ఉందనుకున్నదానికి మనం సరైన కొలతే తీసుకుంటాం.

నీ ఓర్పును ఎలా పొగడను? పునాది అడగవు. ప్లాను అడగవు. ఇంటి పట్టా లేనివాళ్లకు నువ్వే పట్టావి. వంటింటి గోడవి, స్నానాల చాటువి, మరుగుదొడ్డి తలుపువి నువ్వే. నువ్వు ఉన్నావన్న ధీమాతో గది కట్టాల్సిన యజమాని గది కట్టలేదు. నువ్వు ఉన్నావని చూసి తనిఖీ చేయాల్సినవాడు వెనుదిరిగాడు. దారినపోయే మేమూ, పైన ఏదో కప్పు ఉంది కదా అని బండి ఆపలేదు. ఇంతమందికి ఇంత నిశ్చింతను ఇవ్వగలిగింది నువ్వొక్కదానివే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నీ విలువ మాకూ తెలిసింది. రేకులు లేచిపోయిన ఇళ్ల మీద ఎక్కడ చూసినా నీ నీలం రంగే. అప్పుడు నిన్ను తాత్కాలికం అన్నాం. రేకులు మళ్లీ వేయించుకోగానే మడిచి అటక మీద పెట్టాం. బట్టీల్లో నిన్ను ఎవరూ మడవరు. సీజను పొడుగునా నువ్వే ఇల్లు. మరుసటి ఏడు మళ్లీ నువ్వే.

గది లేచేదాకానైనా నిన్ను సరిగా కట్టాలి కనుక తెలిసింది చెబుతాను. ఒక కుటుంబానికి, ఒక ఉయ్యాలకు 18 బై 12 కన్నా తక్కువ కొనకండి. చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుకు తగ్గకుండా చూడండి. పలచని రకం ఎండకు పెళుసెక్కి చిట్లిపోతుంది. నడిమి తాడు 18 అడుగుల పొడవునా వేస్తే చెరోవైపు 6 అడుగులు దిగుతుంది. ఎండాకాలంలో ఆ తాడును తలకు బాగా ఎత్తున కట్టి పక్కలు తెరిచి ఉంచండి. ప్లాస్టిక్ కింద వేడి నిలిస్తే పసిపిల్ల తట్టుకోలేదు. వానొస్తే గాలి కొట్టే వైపును నేలదాకా దించండి. తాడు కట్టే కన్నాల దగ్గర చిరిగితే ఆ అంచులో ఒక గులకరాయి మూటలా చుట్టి, ఆ మూట మెడకు తాడు బిగించండి, పట్టు జారదు. ఉయ్యాల తాళ్లకు ముడికి జానెడు ముందు, కప్పు లోపలే, ఒక గుడ్డపీలిక వేలాడదీయండి. తాడు వెంట వచ్చే నీళ్లు ఆ పీలిక మీదుగా నేలకు కారిపోతాయి. ఆ రోజు అక్కడ ఆ పీలిక ఒక్కటి ఉన్నా పిల్ల తడిసేది కాదు.

ఇంతా చేసినా నువ్వు ఇల్లు కావు. రాష్ట్రం దాటి పనికి తెచ్చిన కూలీలకు పని ఉన్నన్నాళ్లూ తగిన నివాసం ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న చట్టం ఇంకా విడమరిచింది. 34వ సెక్షన్ ఉచిత వసతి అంది. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 35వ సెక్షన్ అంది. అచ్యుతాపురం, పరవాడ వైపు లేస్తున్న కట్టడాల దగ్గర ఆ గది ఎక్కడుందో అడిగి చూడండి.

బట్టీ యజమానులారా, ఈ సీజనుకు పచ్చి ఇటుకల కోసం కొత్త పట్టాలు కొనేటప్పుడు ఉయ్యాలలు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టించండి. సీజను ముగిసేలోగా వాటికోసం ఒక గది లేపండి. ఇటుకలు మీ దగ్గరే ఉన్నాయి.