ప్రథమ పీఆర్ సూత్రం – టీకా తాత్పర్య సహితం

మూలం: తాను వాడెడి దానియందు, ప్రాణమున్న చోట, పరులు పట్టని చిన్నదానిని పట్టవలెను.

టీక: తాను వాడెడి దానియందు = నిత్యం తన కంప్యూటర్లో నడిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో. వాడనివారికి బగ్ కనబడదు. కనబడినా, దిద్దాక కుదిరిందో లేదో తెలియదు. ప్రాణమున్న చోట = ఈమధ్య కూడా కమిట్లు పడుతూ, బయటివారి పీఆర్‌లు (పుల్ రిక్వెస్టులు, అనగా మార్పుల ప్రతిపాదనలు) మెర్జ్ అవుతున్న ప్రాజెక్టులో. స్టార్లు ప్రాణలక్షణం కావు. వేల స్టార్లుండి ఏళ్లుగా కదలని రిపోలు కద్దు. పరులు పట్టని = ఇష్యూ కింది కామెంట్లన్నీ చదివి, ముడిపడిన పీఆర్ ఏదీ తెరిచి లేదని రూఢి చేసుకున్న. ‘అసైన్ మీ’ అని రాసి అదృశ్యమైనవారు పరులా కాదా అని శంక. నెలలు గడిస్తే ఒక మాట అడిగి పట్టుకోవచ్చునని సమాధానం. చిన్నదానిని = స్పష్టమే.

పాఠాంతరాలు: ‘చిన్నది’ అన్నచోట శాఖాభేదముంది. గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని, మొజిల్లావారు ‘గుడ్ ఫస్ట్ బగ్’ అని, జాంగోవారు ‘ఈజీ పికింగ్స్’ అని, లిబ్రేఆఫీస్‌వారు ‘ఈజీ హ్యాక్’ అని పఠిస్తారు. లేబుల్ అంటించేది ఆ కోడ్‌లో ఏళ్లుగా మునిగినవారు. వారి ‘ఈజీ’ కొత్తవారికి వారం పని కావచ్చు.

తాత్పర్యం: కొత్తవారు ముందుగా ఇన్‌స్టాల్ సూచనలను పొల్లుపోకుండా పాటించి ప్రాజెక్టును బిల్డ్ చేయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే వెతకాలి. పాతవారి మెషీన్లలో అన్నీ ఎప్పుడో కుదిరిపోయాయి గనుక, సూచనల్లో తప్పిపోయిన మెట్టు వారికి కనబడదు. ఇష్యూల జాబితాలో లేని ఈ లోపమే చాలాసార్లు ఉత్తమమైన తొలి పీఆర్.

ఆక్షేపం: అట్లయితే రీడ్‌మీలో కామా మార్చినా చాలదా? డిజిటల్‌ఓషన్ 2014లో మొదలుపెట్టిన హాక్టోబర్‌ఫెస్ట్ ఇందుకు దృష్టాంతం. అక్టోబరులో నాలుగు పీఆర్‌లకు టీషర్టు అనేసరికి, 2020లో రీడ్‌మీల మీద అర్థంలేని మార్పులు వరదకట్టి మెయింటైనర్లు గగ్గోలు పెట్టారు. ఆ నెల మొదటి వారంలోనే నిబంధన మారి, సమ్మతించిన ప్రాజెక్టుల పీఆర్‌లే లెక్కకొచ్చాయి. తప్పున్న కామాను దిద్దడం సత్కర్మ. టీషర్టు కోసం దిద్దడం కామ్యకర్మ.

విశేషం: లినక్స్ కెర్నల్‌లో పీఆర్ పద్ధతి కొత్తవారికి లేదు; ప్యాచ్ ఈమెయిల్‌లో పోవాలి. డ్రైవర్స్ కింద స్టేజింగ్ డైరెక్టరీలో, చెక్‌ప్యాచ్ స్క్రిప్టు పట్టిచ్చిన స్పేసులూ ట్యాబులూ దిద్దడం అక్కడ చాలామందికి అక్షరాభ్యాసం. కోడ్ రానివారికీ సూత్రం వర్తిస్తుంది. తెలుగు వికీపీడియా మెనూలో ఎబ్బెట్టు అనువాదం తగిలితే, ట్రాన్స్‌లేట్‌వికీలో ఖాతా తెరిచి అనుమతి తీసుకుని, మీడియావికీ సందేశాన్ని అక్కడే దిద్దవచ్చు. ఇందులో బిల్డ్ బాధ లేదు.